అర్జీ అప్పన్న బొమ్మల్లో జనం తగ్గిపోయిన సంగతి

2023 జూలైలో ఒక సోమవారం. నర్సీపట్నం అబిద్ సెంటర్ దగ్గర కళ్ళద్దాల షాపులో నేను ఆప్టోమెట్రిస్టుని. అంటే చూపు పరీక్ష చేసి అద్దాల నంబరు రాసేవాడిని. డాక్టర్ని కాను, అయినా వచ్చినవాళ్ళందరూ డాక్టరు గారూ అనే పిలుస్తారు. ఆ రోజు రోలుగుంట నుంచి వరలక్ష్మి అనే ఆవిడ తన అక్కని చెయ్యి పట్టుకుని తీసుకొచ్చింది. అక్క నుదుటి మీద ప్లాస్టరు ఉంది.

"నిన్న నడిసెల్తా నిలబడున్న ఆటోని గుద్దీసిందండి. పగలే. అంత ఆటో కనిపించనేదంట" అంది వరలక్ష్మి.

ఆ అక్కని నేను ఎరుగుదును. పేరు నూకరత్నం. ఆఫీసుల వీధిలో చిన్న బడ్డీలో అర్జీలు టైపు చేసేది. అంతకంటే ముఖ్యంగా, పదేళ్ళుగా ప్రతి ఆదివారం ఆన్‌లైన్‌లో నాలుగు గడుల బొమ్మల కథ పెట్టేది. దాని పేరు 'అర్జీ అప్పన్న'. పేజీలో తన పేరుండేది కాదు. ఆవిడే వేస్తుందని మా ఊళ్ళో పదిమందికి మించి తెలియదు.

మొదటి ఏళ్ళలో ఆ బొమ్మలు జాతరలా ఉండేవి. అప్పన్న అనే ముసలి రైతు ఒక కాగితం పట్టుకుని ఆఫీసుకెళ్తాడు. కిటికీ ముందు పాతికమంది లైను, ఎవరి మొహం వాళ్ళదే. ఓ మూల బ్రోకరు టీ తాగుతుంటాడు, ఇంకో మూల నాయకుడి ఫ్లెక్సీ నీడలో మేక పడుకుని ఉంటుంది. అసలు జోకు ఎప్పుడూ అంచుల్లోనే దొరికేది. కరోనా రోజుల్లో జనం తగ్గారు. అప్పుడు ఎవరికీ అనుమానం రాలేదు, వీధులే ఖాళీ కదా. కానీ అన్నీ తెరిచాక కూడా అప్పన్న ఆఫీసుకి వెళ్ళలేదు. ఇంట్లో కూర్చుని టీవీతో గొడవపడ్డాడు. తర్వాత భార్యతో, తర్వాత చేతిలో ఉన్న అర్జీతోనే. చివరి ఏడాదిలో గడి మధ్యలో ఒక చెయ్యి, ఒక కాగితం, రెండు మాటలు. అంతే.

కింద కామెంట్లు ఘాటుగా ఉండేవి. "కవరు అందినట్టుంది" అని ఒకరు, "భయపెట్టారా?" అని ఇంకొకరు. నేనూ రాశాను. "అప్పన్న ఇల్లు కదలడం లేదేం? మెత్తబడ్డాడా?" అని. వేరే పేరుతో.

కుర్చీలో కూర్చోబెట్టి చార్టు చదివించాను. అద్దాలతో చివరి వరుసకి ముందు వరుస దాకా గడగడా చదివేసింది. మోసం చేసేది అదే. తర్వాత కన్‌ఫ్రంటేషన్ టెస్ట్ చేశాను. ఎదురుగా కూర్చుని, ఒక కన్ను మూయించి, పక్క నుంచి వేళ్ళు చూపించి ఎన్నో చెప్పమనడం.

"ఎన్ని వేళ్ళండీ?"

"మీరింకా సూపించలేదు కదండీ" అంది.

నా చెయ్యి అప్పటికే ఆవిడ చెవి దాటి ముందుకి వచ్చి ఉంది. రెండో కంటికీ అంతే. గాలి ఊది కంటి ప్రెజర్ కొలిచే మిషన్ మీద చూశాను. ఇరవై ఒకటి దాటితే అనుమానించాలి. ఒక కంట్లో ముప్పై నాలుగు, రెండో కంట్లో ముప్పై ఎనిమిది. గ్లకోమా అనిపించింది. మనవాళ్ళు నీటికాసులు అంటారు. నొప్పి ఉండదు, ఎరుపు ఉండదు, చూపుని అంచుల నుంచి తినుకుంటూ వస్తుంది. విశాఖలో పెద్ద డాక్టరుకి చీటీ రాసిచ్చాను.

వాళ్ళు వెళ్ళాక పాత కార్డుల డబ్బా తీశాను. 2017లో ఆవిడ నా దగ్గరికి ఒకసారి వచ్చింది. దగ్గరి అక్షరాలు కనిపించడం లేదని. నలభై దాటిన వాళ్ళకి ప్రెజర్ చూడాలని మాకు నేర్పారు. ఆ రోజు మిషన్ పక్క గదిలోనే ఉంది. నేను అప్పన్న గురించి మాట్లాడుతూ, నవ్వుతూ, నంబరు రాసి పంపేశాను. కార్డులో ప్రెజర్ దగ్గర గీత కూడా లేదు. ఖాళీ.

పది రోజులకి ఆవిడ చెల్లెలితో కలిసి ఫీల్డ్ టెస్ట్ రిపోర్టు పట్టుకుని వచ్చింది. చూపు ఎంత మేర ఉందో కాగితం మీద చూపించే పరీక్ష అది. కంటికొకటి చొప్పున గీసిన రెండు వలయాలూ నల్లగా ఉన్నాయి. మధ్యలో మాత్రం కాస్త తెలుపు.

"పోయింది రాదన్నారండి. ఉన్నది నిలబెట్టడానికి చుక్కలు" అంది. రిపోర్టు మడతపెడుతూ, "బయటికెళ్తే జనం ఉన్నట్టుండి మీదకొచ్చీసేవోరు. వయసనుకున్నాను. ఎల్లడం మానీసేను. సూడనిది ఎలా గీస్తానండీ? సూసిందే గీసేను" అంది.

నేను ఆ పాత కార్డు బల్ల మీద పెట్టాను. ఆ రోజు చెయ్యని పని చెప్పాను.

"అప్పుడు సూసుంటే దొరికీదా?"

"దొరికి ఉండేదండీ, చాలావరకు."

వరలక్ష్మి నా వైపు చూసిన చూపు ఇప్పటికీ భరించలేను. నూకరత్నం మాత్రం కార్డుని కళ్ళకి ఎదురుగా పెట్టుకుని, ఆ ఖాళీ ఎక్కడుందో వెతికి, తిరిగి ఇచ్చేసింది. తిట్టి ఉంటే బాగుండేది.

వాళ్ళు లేచేటప్పుడు అడిగాను. "పేజీలో అసలు సంగతి రాయమంటారా? జనం ఏవేవో అంటున్నారు. అన్నవాళ్ళలో నేనూ ఉన్నాను."

"వొద్దండి. అమ్ముడుపోనాదనుకుంటే కోపమొస్తాది. కళ్ళు పోనాయంటే జాలి పడతారు. జాలిపడి సదివితే ఎవుడూ నవ్వడు" అంది.

చుక్కలు వేసుకుంది. ఆపరేషనూ చేశారు. ప్రెజర్ దిగింది కానీ ఆలస్యమైపోయింది. ఏడాది తిరిగేసరికి ఎడమకన్ను పూర్తిగా పోయింది, కుడికంట వెలుతురు తెలియడం తప్ప ఏమీ మిగల్లేదు. బొమ్మ ఆగిపోయింది, చెప్పకుండానే. బడ్డీ మూతపడింది. చెల్లెలు తన ఇంటికి తీసుకుపోయింది. పేజీ ఇంకా ఉంది. "ఎంతకి అమ్ముకున్నావు?" అనే కామెంటు కింద లైకులు పెరుగుతూనే ఉన్నాయి. ఆవిడ వద్దంది కనుక అక్కడ నోరు విప్పలేదు. ఆవిడ అసలు పేరూ, పేజీ అసలు పేరూ ఇక్కడ కూడా మార్చే రాస్తున్నాను.

ఇప్పుడు నలభై దాటిన ఎవరొచ్చినా, ఎంత రద్దీ ఉన్నా, ప్రెజర్ చూడకుండా పంపను. ఇంట్లో ఎవరికైనా నీటికాసులు ఉన్నాయా అని అడుగుతాను. ఉంటే తోబుట్టువులందరినీ రమ్మంటాను. చార్టు చివరి వరుస చదివినవాళ్ళకి అంతా కనిపిస్తున్నట్టు కాదని తెలుసుకున్నాను. నేను చదువుకున్నప్పుడే చెప్పిన పాఠం ఇది. నాకు ఒంటబట్టేసరికి పోయినవి ఆవిడ కళ్ళు.