సందు మూసేశాక

పుప్పాలగూడలో మా బాల్కనీలో నిలబడితే పక్క అపార్ట్‌మెంట్‌లో ఉండే నా స్నేహితురాలి బాల్కనీ కనిపించేది. ఏ చీర ఆరేసిందో, మొక్కలకి నీళ్లు పోసిందో లేదో ఇక్కణ్ణించే చెప్పేదాన్ని. మధ్యలో మా రెండు అపార్ట్‌మెంట్ల ప్రహరీ గోడ, దాంట్లో ఒక మనిషి పట్టేంత సందు. ఒకప్పుడు ఊరివాళ్లు పొలాలకి పోయిన బాటట అది. పనివాళ్లందరూ అందులోంచే తిరిగేవాళ్లు, నేనూ అంతే. పొయ్యి మీద పాలు పెట్టి, అవి పొంగేలోపు వెళ్లి రావచ్చని గొప్పలు చెప్పేదాన్ని. ఒకసారి పొంగాయి కూడా.

నేను అనంతపురం వైపుదాన్ని, ఒంటరిదాన్ని. ఆఫీసు పని ఇంటి నుంచే. పొద్దస్తమానం చెవుల్లో మాటలే, కానీ అవేవీ నన్ను ఎలా ఉన్నావని అడిగేవి కావు. ఆవిడది గోదావరి జిల్లా. భర్త, కాలేజీకి వచ్చిన కూతురు ఉన్నారు. ఆవిడ స్టీలు డబ్బా ఒకటి మా ఇద్దరి మధ్యా తిరుగుతూ ఉండేది. డబ్బా ఖాళీగా తిరిగివ్వకూడదు కాబట్టి, ఆవిడ పూతరేకులు పంపితే నేను ఓళిగలు పెట్టి ఇచ్చేదాన్ని. "బొబ్బట్లనొచ్చు కదక్కా, ఓళిగలేంటండీ" అని నన్ను ఏడిపించేది.

ఎవరిదో సైకిలు పోయిందని ఆ సందు మూసేశారు. రెండు అసోసియేషన్లూ ఏకమై చేసిన పని నాకు తెలిసి అదొక్కటే. మీటింగులో గొంతు పోయేలా అరిచాను. "సెక్యూరిటీ, మేడం" అన్నారు. మర్నాడు అలవాటుగా డబ్బాతో వెళ్తే వాచ్‌మన్ ఆపాడు.

"ఇగ ఇట్లకెల్లి తొవ్వ లేదమ్మా, చుట్టు తిరిగి పోవాలె."

చుట్టు తిరగడమంటే, మా గేటు దగ్గర ఎడమకి తిరిగి మెయిన్ రోడ్డెక్కాలి. ఆవిడ ఇంటిని వీపు వెనక పెట్టుకుని యూటర్న్ దాకా పాకాలి. అక్కణ్ణించి వెనక్కి వచ్చి, ఇంకో యూటర్న్ కొట్టి, ఆవిడ రోడ్డులోకి దూరాలి. నడుద్దామంటే ఫుట్‌పాత్ లేదు. ఇది మా ఇద్దరి గొడవే కాదు. ఇక్కడ ప్రతి కాలనీకీ ఒక గోడ, ఒక గేటు, అన్ని గేట్లూ ఆ ఒక్క రోడ్డు మీదికే. నడిచే సందులన్నీ మూసేసి, పాల ప్యాకెట్టుకి కూడా జనాన్ని కార్లెక్కించి, ఆపైన రోడ్డు చాలట్లేదని మనమే గోల పెడతాం. రోడ్డు వెడల్పు చేస్తారు. దాని పక్కన ఇంకో నాలుగు టవర్లు లేస్తాయి. నాకు ఒళ్లు మండిపోతుంది.

రోజూ కలిసేవాళ్లం వారానికోసారి కలవసాగాం. తర్వాత ఫోన్లే మిగిలాయి. మాట్లాడుతూ బాల్కనీల్లోంచి చేతులూపుకునేవాళ్లం. కళ్లెదుట కనిపించే మనిషి మీద బెంగ పెట్టుకోవడం ఎంత చిన్నతనంగా ఉంటుందో పడితే గాని తెలియదు.

కూతురి కాలేజీ కోసం వాళ్లు నిజాంపేటకి మారారు. "ఒకే ఊళ్లో ఉంటాం కదక్కా, వస్తూ పోతూ ఉందాం" అంది. వాళ్లు వెళ్లే రోజు పొద్దున్నే ఓళిగలు చేసి, ఆవిడ డబ్బాలో సర్ది, పక్క సీట్లో పెట్టుకుని బయల్దేరాను. యూటర్న్ ఇంకాస్త దూరం ఉందనగా బండ్లన్నీ ఆగిపోయాయి. ఫోన్ మోగింది.

"అక్కా, సామాన్ల లారీ కదిలిపోయిందండీ, మేమూ బయల్దేరక తప్పలేదు. ఎక్కడున్నారు?"

తలెత్తితే, యూటర్న్ తిరిగి డివైడర్ అవతలి వైపు ఎదురుగా వస్తున్న కార్లో ఆవిడే. వాళ్ల కారూ నా పక్కకి వచ్చి ఆగింది. ఇద్దరం అద్దాలు దించాం. డబ్బా ఎత్తి చూపించాను.

"ఓళిగలా?" అని అరిచింది. ఎన్నడూ లేంది, ఆ రోజు బొబ్బట్లనలేదు.

తలుపు తీసి ఒక కాలు కింద పెట్టాను. ఎప్పుడూ కదలని రోడ్డు సరిగ్గా అప్పుడే వాళ్ల వైపు కదిలింది. వెనకనుంచి ఒకటే హారన్లు. ఆవిడ చెయ్యి బయటికి చాచి ఉండగానే కారు ముందుకు వెళ్లిపోయింది.

ఇద్దరం ఈ ఊళ్లోనే ఉన్నాం. ఇప్పటికీ శనివారం వస్తే ఏదో ఒకటి చేసి ఆ డబ్బా నింపుతాను. ఫోన్లో మ్యాప్ తెరిస్తే నిజాంపేట దాకా ఎర్రగీతే. కాస్త తగ్గాక వెళదాంలే అనుకుంటాను. ఆదివారం సాయంత్రానికి టీవీ ముందు కూర్చుని అన్నీ నేనే తినేస్తాను. పాపం ఆవిడా ఒకట్రెండుసార్లు బయల్దేరి, సగం దారిలోంచి తిరిగి వెళ్లిపోయింది.

మొన్న ఫోన్లో, "మీ డబ్బా నా దగ్గరే ఉండిపోయిందమ్మా, ఈ వారం ఎలాగైనా తెచ్చిస్తాను" అన్నాను. ఆ మాట అనేటప్పటికి డబ్బా నిండుగానే ఉంది.

"అయ్యో, దానికోసం ఇంత ట్రాఫిక్‌లో ఎందుకక్కా? మీరే ఉంచేసుకోండి. నేను ఇంకోటి కొనుక్కున్నాను లెండి" అంది, ప్రేమగానే.

సరేనన్నాను. ఇన్నాళ్లూ ఆవిడకి ఆ డబ్బా ఇవ్వాల్సి ఉందన్న ధైర్యంతోనే బతుకుతున్నానని అప్పుడు తెలిసింది. ఫోన్ పెట్టేశాక చాలాసేపు ఏడ్చాను.