గుట్టదిక్కు మూడు, వాగుదిక్కు రెండు

జగిత్యాల రైల్వే స్టేషనుకు పోయే దారిలో ఒక రేకుల ఇల్లు ఉంది. ప్రతి డిసెంబరులో ఆ ఇంట్లో బెత్లెహేము వెలుస్తుంది. కట్టేది దుర్గవ్వ. క్రిస్మస్‌కు పశువుల పాక పెట్టే ఇళ్ళు ఆ వాడలో పదీ పన్నెండు ఉంటాయి గాని, అందరూ బజారులో బొమ్మల పెట్టె కొని బల్ల మీద సర్దేస్తారు. దుర్గవ్వ మాత్రం నెల ముందే గోనెసంచి తడిపి ఆవాలు, మెంతులు చల్లుతుంది. పండుగ నాటికి అవి వేలెడెత్తు చేనై నిలుస్తాయి. మూడేళ్ళ కింద పక్కింటి మేక ఒకటి అది నిజమైన చేనే అనుకుని లోపలికి వచ్చింది. రెండెకరాలు మేసి, పోతూ పోతూ గొర్రెల కాపరి తలకాయ కూడా నమిలింది. అప్పటినుంచి ఆ కాపరి తల చింతగింజే. కొత్త తలతోనే బుద్ధిమంతుడిలా కనిపిస్తున్నాడని వాడంతా ఒప్పుకుంది.

ఈ ఏడు ఆ బెత్లెహేములోకి రైలొచ్చింది.

దుర్గవ్వ కొడుకు జాన్ మస్కట్‌లో ఒక సేటు ఇంట్లో డ్రైవరు. సేటు పిల్లలు పెద్దవాళ్ళై ఆటబొమ్మలు వదిలేస్తే, జాన్ వాటిలోంచి ఒక ఇంజను, రెండు డబ్బాలు, బస్తాలో సగం పట్టాలు, ఒక కరెంటు డబ్బీ తెచ్చి ఇంట్లో పడేసి మళ్ళీ విమానం ఎక్కాడు. ఇంజను చిటికెన వేలంత లావు. లోపల దీపం కూడా వెలుగుతుంది. వేగం పెంచే తగ్గించే మర ఒక్కటే పాడైంది. అందువల్ల ఆ బండికి రెండే పనులు తెలుసు. నిలబడితే నిలబడుతుంది. కదిలితే మాత్రం వెనక ఎవరో తరుముతున్నట్టు ఉరుకుతుంది.

దుర్గవ్వకు రైలు కొత్త కాదు. పదేళ్ళ కింద జగిత్యాలనుంచి కోరుట్లకు పట్టాలు వేస్తున్నప్పుడు ఆమె కంకర మోసింది. ఆమె పెనిమిటి మొగిలి గడ్డపారతో ఆ కంకరను పట్టాల కిందికి కుక్కాడు. దుర్గవ్వ నెత్తి మీద మోసిన కంకరంతా ఒక్కచోట పోస్తే జగిత్యాల కోట కనబడకుండా పోతుందని మొగిలి అంటాడు. మొగిలి చెప్పినదాంట్లో సగం కొట్టేసినా, కోట నడుందాకా మునిగే ఉంటుంది.

అంత మోసిన మనిషి ఆ రైలు ఒక్కసారి కూడా ఎక్కలేదు. కారణం మొగిలి.

బిడ్డ రాధికను ఇచ్చింది కోరుట్లలోనే. ఆమె ఇంటి మేడెక్కితే రైలు కనిపిస్తుంది. అయినా మొగిలి బస్సులోనే పోతాడు. దారిలో గుట్ట పక్కన ఒక పెద్ద మలుపు ఉంది. పని నడుస్తున్నప్పుడే ఒక ముసురులో అక్కడి మట్టికట్ట జారి వాగులోకి దిగింది. మళ్ళీ ఎత్తారు. ఎత్తినవాళ్ళలో మొగిలి కూడా ఉన్నాడు. ఆ పనే అతనికి రైలును దూరం చేసింది.

"వేరేటోళ్ళు కట్టిందైతే కండ్లు మూసుకొని ఎక్కెటోన్ని. గది నేను కట్టిన కట్ట. నా సంగతి నాకెర్క లేదా?" అంటాడు.

"పదేండ్ల సంది దినాం రైలు పోతనే ఉన్నది గదయ్యా!"

"పోనియ్యి. నేను ఎక్కిన దినమే కూలుతది. నా నసీబు గట్లాంటిది."

దుర్గవ్వ ఒక్కతే పోవచ్చు. టికెట్టు కొనడం రాని మనిషేమీ కాదు. కాని తట్ట ఎత్తి నెత్తిన పెట్టింది ఆయన. పోసిన చోట కుక్కింది ఆయన. ఇద్దరూ కలిసి వేసిన తోవ మీద ఒక్కతే పోతే, ఇంకొకరి పళ్ళెంలోది తిన్నట్టు ఉంటుందని ఆమెకు. ఆ రైలు కిటికీ పక్కన ఇద్దరూ కూర్చుని ఒక్కసారి ఆ మలుపు దాటాలి. పదేళ్ళుగా ఆమె ప్రార్థనలో చివరి మాట అదే. చర్చిలో గట్టిగా అనేది కాదు గాని, దేవుడికి ఈపాటికి కంఠతా వచ్చి ఉంటుంది.

జాన్ తెచ్చిన పట్టాలు చూడగానే ఆమె చేతులు ఊరుకోలేదు. రెండు పాత తలుపులు గోడమూలకు చేర్చి ఇటుకల మీద పెట్టింది. గోడకు గోనెపట్టా వేలాడదీస్తే గుట్ట అయింది. సిరిసిల్లలో బట్టనేసే సాంచెల మీద తెగి మిగిలిన నీలం గుడ్డపేలికలు తెప్పించి పరిస్తే వాగు పారింది. అగ్గిపెట్టెలతో గేటుమ్యాన్ గది కట్టి, పశువుల పాకను సరిగ్గా దాని పక్కనే పెట్టింది. గేటు కిందికి పడి ఉంది. ఇవతల ముగ్గురు జ్ఞానులు ఒంటెల మీద వరసగా ఆగిపోయారు.

చూడవచ్చిన పాస్టరు జీవన్ అయ్యగారు కళ్ళద్దాలు తుడుచుకున్నారు. "దుర్గమ్మా, బెత్లెహేముల రైలు గేటెక్కడిది?"

"మరి గంత దూరంకెల్లి అచ్చినోళ్ళకు తొవ్వల ఒక్క గేటన్న తగలకుంటదా అయ్యగారూ?"

అయ్యగారు వంగి ఆ గేటును మరోసారి చూశారు. టీ తాగి వెళ్ళిపోయారు.

పండుగకు ముందే వచ్చిన రాధిక మాత్రం నడుం మీద చేతులు పెట్టుకుని చాలాసేపు చూసింది. "అవ్వా, గిదేం లెక్కనే? జగిత్యాల కాడ మొదలైతే బెత్తెడంతట్ల మలుపు అచ్చింది. మలుపేమో మూరకు మీద. మలుపు దాటంగనే కోరుట్ల. నడుమ ఊర్లన్ని ఏడబొయినయ్?"

"ఏడబోలే. ఒక్క దినానికి ఒక్క వేలు పెట్టిన."

"దినమేందే? కిలోమీటర్లు గద ఉండాల్సింది!"

"కిలోమీటర్లు ఇంజనీరు సార్లకు బిడ్డా. చదునున్న కాడ మిషిన్లు అచ్చినయ్, మాకు నాలుగు దినాలే పని దొరికింది. గందుకే నాలుగు వేళ్ళు. గీ మలుపు కాడ నలభై రెండు దినాలు మోసిన. లెక్కబెట్టుకో."

రాధిక వంగి వేళ్ళతో కొలిచింది. నలభై రెండు. ఒక్క వేలు ఎక్కువ లేదు, తక్కువ లేదు. అప్పుడామె కళ్ళు మెల్లగా పెద్దవయ్యాయి. ఆమె రోజూ మేడమీదినుంచి చూసే రైలు దారి పటం మరెక్కడా ఇలా ఉండదు. తన తల్లి మెడ నొప్పి ఎక్కడ ఎక్కువో, ఎక్కడ తక్కువో ఆ తలుపుల మీద పరిచి ఉంది.

ఇంతలో మొగిలి లోపలికి వచ్చి మలుపు చూసి మీసం దువ్వాడు. "కట్టయితే అచ్చం గదే. ఇగ సూడు, మన బండి కూడ గీడనే పడతది."

"పడకుంటే?" అంది దుర్గవ్వ.

"పడకుంటే నీ ఎంబడి రైలెక్కుత పో. చర్చి పాటలోళ్ళు వచ్చిన నాడు, అందరి ముంగట దాటాలె. ఒక్కసారి దాటితే సాలు."

"బిడ్డ సాచ్చెం?"

"బిడ్డ సాచ్చెం. ఒంటెలు గూడ సాచ్చెం."

దుర్గవ్వ మీట నొక్కింది. బండి జగిత్యాల విడిచి నాలుగు వేళ్ళు ఉరికి, మలుపులోకి దూరి, గుట్టవైపు ఒరిగి ఆవచేన్లో బోర్లా పడింది. మొగిలి చప్పట్లు కొట్టాడు.

పాటలవాళ్ళు వచ్చేలోపు మూడు రోజుల్లో బండి ఎన్నిసార్లు పడిందో చెప్పడం కష్టం. ఆవచేను ఆ పక్కన చాపలా అణిగిపోయిందంటే చూసుకోండి. పట్టాలు తుడిచింది. చక్రాలకు కొబ్బరినూనె రాసింది. డబ్బాలో చింతగింజలు పోసి బరువు పెంచింది. బరువు పెరిగిన బండి ఇంకా గట్టిగా పడింది.

"కట్ట జర పొట్టిగ జెయ్యి అవ్వా," అంది రాధిక. "మలుపు సాపు జేస్తే పడనే పడది. బాపుకేం తెలుస్తది?"

దుర్గవ్వకు ఆ ఆలోచన రాకపోలేదు. పది వేళ్ళు తీసేస్తే చాలు. కాని ఏ పది తీయాలి? జ్వరంతో మోసినవా? రాధిక పదో తరగతి పాసైందని తట్టలోనే చాక్లెట్లు తెచ్చి పంచిన రోజా? ఆమె తల అడ్డంగా ఊపి, ఖాళీ తట్ట ఒకటి తెచ్చి నెత్తిన పెట్టుకుంది.

"ఏం జేస్తున్నవే?"

"మోస్త. యాదికొస్తదేమో."

కళ్ళు మూసుకుని గదిలో ఆ మూలనుంచి ఈ మూలకు నడిచింది. కంకర కుప్ప దగ్గర వంగింది, లేచింది, కట్ట ఎక్కింది, పోసింది. మళ్ళీ తిరిగింది. కాళ్ళకు దారి తెలుసు. మొదటి తట్ట గుట్టవైపు. రెండోది గుట్టవైపు. మూడోది కూడా గుట్టవైపే. తర్వాత రెండు ఇటు, వాగువైపు. మళ్ళీ మూడు అటు.

ఆమె గది మధ్యలో ఆగిపోయింది. పదేళ్ళ కిందటి అరుపు చెవిలో వినబడింది. "గుట్టదిక్కు మూడు, వాగుదిక్కు రెండు!" అరిచేవాడు సురేందర్ మేస్త్రీ. గుట్టవైపు ఎండ. నడక కూడా ఎక్కువ. ఆడవాళ్ళను సతాయించడానికే అటు ఒక తట్ట ఎక్కువ మోయిస్తున్నాడని వాళ్ళంతా అనుకున్నారు. ఒకనాడు మేస్త్రీ అన్నానికి పోయిన అదను చూసి, న్యాయం మేమే చేసుకుంటామని అందరూ కలిసి రెండువైపులా సమానంగా పోసేశారు. సాయంత్రం వాలు కొలిచే రసమట్టంతో ఇంజనీరు వచ్చి పట్టాల మీద పెట్టి చూసి, మొత్తం తవ్వించాడు. మళ్ళీ పోయడానికి రెండు రోజులు పట్టింది. నలభై రెండులో ఆ రెండూ ఉన్నాయి. అప్పుడు తిట్టిన తిట్లు దుర్గవ్వకు ఇంకా గుర్తున్నాయి. ఎందుకు తవ్వించారో మాత్రం ఎవరూ చెప్పలేదు, ఆమె అడగలేదు.

తట్ట దించి, ఇంటి ముందున్న కంకర పొడి పిడికెడు తెచ్చింది. చెంచాతో మలుపు పొడుగునా పోసింది. గుట్టవైపు పట్టా కింద మూడు, వాగువైపు రెండు. వేలితో కుక్కింది. వంగి చూస్తే మలుపుకు బయటున్న గుట్టవైపు పట్టా గోరంత ఎత్తు లేచింది. దారి మొత్తం లోపలికి, వాగు దిక్కుకు, తల వంచినట్టు ఉంది.

"ఇప్పుడే మీట నొక్కకు అవ్వా! పాటలోళ్ళను రానియ్యి," అంది రాధిక. ఆమె మీటకు చేయి అడ్డం పెట్టింది.

పొద్దుగూకుతుండగా చర్చి పాటలవాళ్ళు డప్పుతో వచ్చారు. వాళ్ళతో సురేందర్ మేస్త్రీ కూడా వచ్చాడు. పండుగ అన్నం కోసం అతను ఏటా వస్తాడు. ఇప్పుడు సిరిసిల్ల దిక్కు వేస్తున్న కొత్త లైను మీద పని. జుట్టు నెరిసింది గాని గొంతు తగ్గలేదు.

"దుర్గవ్వా, గీ రైలుకు మేస్త్రీ ఎవలు?"

"నేనే. ఎవ్వలను సతాయించలే, నన్ను నేనే సతాయించుకున్న."

అందరూ గోడమూల చుట్టూ మూగారు. మొగిలి ముందు వరసలో, గెలిచినవాడిలా చేతులు కట్టుకుని నిలబడ్డాడు. దుర్గవ్వ మీట నొక్కింది.

బండి ఉరికింది. మలుపులోకి దూరింది. అందరి తలలూ గుట్టవైపు, పడబోయే చోటికి తిరిగాయి. బండి మాత్రం అటు పోలేదు. దీపం వెలుగు వాగు గుడ్డమీద జారుతుండగా, ఇంజను లోపలికి చిన్నగా ఒరిగింది. దాని వెనకే ఒక డబ్బా ఒరిగింది, రెండోదీ ఒరిగింది. మూడూ ఒకే తీరుగా, పెద్దల ముందు వంగినట్టు వంగి నలభై రెండు రోజులూ దాటేశాయి. కోరుట్ల చివర పెట్టిన దూది దిండుకు గుద్దుకుని ఆగాయి.

డప్పువాడి చేయి గాలిలోనే ఉండిపోయింది. ఆ క్షణంలో చింతగింజ తల కాపరి కూడా నోరు తెరిచాడని రాధిక ఈనాటికీ ఒట్టేసి చెబుతుంది.

సురేందర్ వంగి పట్టా కింద వేలు పెట్టి చూశాడు. లేచేసరికి అతని మొహం మారిపోయింది. "మలుపుల బండి బయటికి ఒరుగుతదని, బయటి పట్టా లేపుతరు. గిది నీకెవ్వలు చెప్పిండ్రు?"

"నువ్వే చెప్పినవ్. గుట్టదిక్కు మూడు, వాగుదిక్కు రెండు."

"ఎందుకో చెప్పలేదు గద?"

"చెప్పలే. గిన్నేండ్లు నిన్ను తిట్టుకున్న మేస్త్రీ."

"తిట్టుకుంటే తిట్టుకున్నవ్. కట్టయితే నిలవడ్డది," అన్నాడు సురేందర్. అతను మొగిలి భుజం మీద చేయి వేశాడు. "నువ్వు కుక్కిన కట్టనే. పదేండ్ల సంది ఒరిగి ఒరిగి రైళ్ళు పోతున్నయ్. ఒక్కటన్న పడ్డదా?"

మొగిలి గొంతు సవరించుకున్నాడు. "గిది ప్లాస్టిక్కు రైలు గదా..."

"బాపూ! ఒంటెలు సాచ్చెం!" అంది రాధిక. ఇల్లంతా ఒక్కసారి గొల్లుమంది.

పండుగ మర్నాడు జగిత్యాల లింగంపేట స్టేషనులో దుర్గవ్వ, మొగిలి, రాధిక రైలెక్కారు. మొగిలి కొత్త అంగీ తొడుక్కున్నాడు. డబ్బా మెట్టు దగ్గర చెప్పులు విప్పబోతే రాధిక ఆపింది. కిటికీ పక్కన దుర్గవ్వ, ఆమెకు ఎదురుగా మొగిలి కూర్చున్నారు. కిటికీ ఊచను అతను రెండు చేతులా పట్టుకున్నాడు. సగం తాగిన నీళ్ళ సీసా ఒళ్ళో ఉంది.

నాలుగు వేళ్ళ దూరమని దుర్గవ్వ పరిచిన చదును, బండిలో చాలాసేపు పట్టింది. ఊళ్ళు వచ్చాయి, పసుపు చేలు వచ్చాయి. అప్పుడు గుట్ట కనిపించింది. మొగిలి కళ్ళు మూసుకున్నాడు. బండి నెమ్మదించింది. కూర్చున్నవాళ్ళు, నిలబడ్డవాళ్ళు, పల్లీలమ్ముకునేవాడు, పైన వేలాడే సంచులు, అంత పెద్ద రైలు మొత్తం మెత్తగా వాగువైపు ఒరిగింది. ఎవరూ పట్టించుకోలేదు. ఎవరికీ తెలియను కూడా తెలియదు.

"కండ్లు తెరువయ్యా," అంది దుర్గవ్వ మెల్లగా. "సీసల నీళ్ళు సూడు."

మొగిలి ఒక కన్ను తెరిచాడు. సీసాలో నీళ్ళు ఒక పక్కకు ఏటవాలుగా నిలబడి ఉన్నాయి. గుట్టవైపు తగ్గి, వాగువైపు పెరిగి, వేలెడు తేడా. అతను రెండో కన్ను కూడా తెరిచాడు. ఊచ వదిలి, ఆ సీసాను రెండు చేతులా పట్టుకుని, ఒక్క చుక్క కూడా కదలకూడదన్నట్టు అలాగే చూస్తూ కూర్చున్నాడు.

మలుపు అయిపోయింది. నీళ్ళు తిన్నగా అయ్యాయి.

"గంతేనా?" అన్నాడు మొగిలి. "అప్పుడే అయిపోయిందా?"

"నలభై రెండు దినాలు," అంది దుర్గవ్వ.

మొగిలి వెనక్కి తిరిగి కిటికీలోంచి మెడ చాపి, కనుమరుగైపోతున్న కట్టను చూశాడు. తర్వాత రాధిక వైపు తిరిగి, పక్కవాళ్ళకు కూడా వినబడేంత గట్టిగా అడిగాడు.

"బిడ్డా, మల్ల జగిత్యాలకు రైలెన్ని గంటలకున్నది?"