బావిలో ముసలమ్మ నవ్వు

స్టూడియోలో ఆమెను అందరూ గొంతక్క అంటారు. బళ్లో చదువుకునే రోజుల్లో సైరన్ అనేవారు. గొంతక్క అన్న పేరు ఆమె మాటకు వచ్చింది, సైరన్ అన్నది నవ్వుకు.

మాట వింటే ఎవరికైనా ప్రాణం హాయిగా ఉండేది. పెద్ద పెద్ద భవనాల్లో లిఫ్టు ఎక్కగానే "తలుపులు మూసుకుంటున్నాయి, దయచేసి దూరంగా నిలబడండి" అని చెప్పే గొంతు ఆమెదే. ఏదైనా ఆఫీసుకు ఫోన్ చేస్తే "మీ కాల్ మాకెంతో ముఖ్యం" అని అరగంటసేపు నమ్మించేదీ ఆమే. నవ్వు మాత్రం ఎవరి దగ్గరో అరువు తెచ్చుకున్నట్టుండేది. మొదట నూనె లేని చక్రంలా చిన్న కీచు. తర్వాత ఊపిరి లోపలికి లాగడం. అక్కడితో ఆపుకోగలిగితే సరే, లేకపోతే మేడ మెట్ల మీంచి బిందె దొర్లినట్టు చిట్టచివరి మెట్టుదాకా వెళ్లాల్సిందే. సినిమా హాల్లో హీరోయిన్ తల్లి చచ్చిపోతుంటే ఎందుకో నవ్వొచ్చి, వెనక వరసలవాళ్లు కొట్టడానికి లేస్తే, ఇంటర్వెల్ కాకుండానే బయటికొచ్చేసిన మనిషి ఆమె.

పెళ్లికి దారి తీసింది కూడా ఆ నవ్వే. కళ్లజోడు చేయించుకుందామని ఓ షాపుకు వెళ్లింది. కౌంటర్ వెనక కుర్రవాడు కంగారులో ఆమెకు పెట్టాల్సిన ఫ్రేము తనే పెట్టుకుని, "ఇప్పుడు కనబడుతోందాండీ?" అని అడిగాడు. ఆమె నవ్వింది. పక్క షాపులవాళ్లు ఏదో పగిలిందనుకుని పరుగెత్తుకొచ్చారు. ఆ కుర్రవాడికి మాత్రం గుండె ఝల్లుమంది. భయంతోనో ఇష్టంతోనో తనకు ఇప్పటికీ తేలలేదని అంటాడాయన.

కాపురానికి వచ్చాక ఆ నవ్వును మొదటి రోజునుంచీ మెచ్చుకున్నది అత్తగారు. ఆవిడకు చెవుడు. కొడుకు మాట సగం వినబడదు, టీవీ మూడొంతులు వినబడదు. "ఈ ఇంట్లో నాకు పూర్తిగా వినబడేది నీ నవ్వొక్కటేనే తల్లీ, మధ్యలో మింగకు" అనేది.

ఆ నవ్వు ఆటలోకి ఎక్కడం కూడా అనుకోకుండానే జరిగింది. చీకటి కోటలు, కత్తులు, రాక్షసులు ఉండే వీడియో గేమ్ ఒకటి తయారుచేసిన కంపెనీవాళ్లు, రెండో భాగానికి గొంతులు వెతుక్కుంటూ స్టూడియోకు వచ్చారు. ఆట పేరు నల్ల దివిటీ. మొదటి భాగమే మనుషులను ఏడిపించి మంచి పేరు తెచ్చుకుంది. ఒక్క అడుగు తప్పితే చావే, చచ్చినప్పుడల్లా మళ్లీ మొదటినుంచి నడవాలి. రెండో భాగం ఇంకా కఠినంగా ఉండాలని దాని దర్శకుడి పట్టుదల. గొంతక్కను పిలిచింది ఒక రాణి పాత్రకు. నాలుగు ముక్కలు చెప్పి వెళ్లిపోవాలి. ఆమె రాణిలా గంభీరంగా చెబుతుండగా, అద్దానికి అవతల సౌండు ఇంజనీరు కుర్చీతో సహా వెనక్కి వాలి, అలాగే మెల్లగా, మర్యాదగా, చేతిలో టీ కప్పు వదలకుండా నేలమీదికి వెళ్లిపోయాడు. గొంతక్క నవ్వు ఆపుకోలేకపోయింది.

మైకు ఆన్‌లోనే ఉంది. దర్శకుడు చెవులకున్న హెడ్‌ఫోన్స్ తీసి పక్కన పెట్టాడు.

"రాణి వద్దండీ," అన్నాడు తేరుకుని. "మీరు బావిలో ఉండండి."

అలా ఆమె బావిలో ముసలమ్మ అయింది. ఆటలో వీరుడు చచ్చినప్పుడల్లా ఒక పాడుబడ్డ బావి పక్కన లేస్తాడు. బావి లోపల్నుంచి ముసలమ్మ నవ్వుతుంది. అంతే పాత్ర. అయితే చావుకో నవ్వు కావాలన్నాడు దర్శకుడు. కొండమీంచి పడితే ఒకటి, కుక్క కరిస్తే ఒకటి. అన్నిటికన్నా ఘోరమైనది, రాక్షసుడికి ఒక్క దెబ్బ మిగిలి ఉండగా వీరుడు పోయినప్పటి నవ్వు. గొంతక్క ఒక్కో నవ్వుకూ ఇంట్లోంచే సరుకు తెచ్చుకుంది. నుదుటిమీద పెట్టుకున్న కళ్లజోడు కోసం మొగుడు షాపంతా వెతకడం గుర్తుచేసుకుంటే కొండమీది నవ్వు వచ్చేసింది. ఒక్క దెబ్బ నవ్వుకు ఏం తలుచుకుందో ఆమె ఎవరికీ చెప్పలేదు. మొగుడు అడిగితే, "వద్దులెండి, బాధపడతారు" అంది.

ఆట విడుదలైంది. డిగ్రీ చదివే కూతురు టిఫిన్ బల్ల దగ్గర ఫోన్ పట్టుకుని సమీక్షలు చదివి వినిపించడం మొదలుపెట్టింది. మొదట్లో అన్నీ పొగడ్తలే. ఒకాయన రెండో భాగం మొదటిదాన్ని మించిందన్నాడు. ఇంకొకాయన, "మొదటి భాగం చీకటి గది, ఇది సామాన్లు అడ్డదిడ్డంగా పెట్టిన చీకటి గది" అన్నాడు. అది పొగడ్తో తిట్టో తేల్చుకోలేక తల్లీకూతుళ్లు కాసేపు వాదించుకున్నారు. ఒకావిడ, "ఇంత కష్టపెట్టడానికి నేనేం పాపం చేశాను?" అని మొదలుపెట్టి చివర్లో పదికి పదీ ఇచ్చింది.

"ఏమంటున్నారే?" అంది అత్తగారు.

"బాగుందంటున్నారు నానమ్మా!" అని అరిచింది మనవరాలు.

"ఎందుకు తిడుతున్నారు మరి?"

"కష్టంగా ఉందని!"

"తిడుతూనే బాగుందంటున్నారా? పెళ్లిలాంటిదన్నమాట," అని ఆవిడ టీ తాగింది.

తర్వాత టోపీ సమీక్ష వచ్చింది. ఎండలోనైనా, ఇంట్లోనైనా టోపీ తియ్యడు కాబట్టి ఆ సమీక్షకుడికి ఆ పేరు. ఆటల గురించి ఆయన రాసిందే వేదం అనుకునేవాళ్లు చాలామంది. కూతురు చదవడం మొదలుపెట్టి, మధ్యలో ఆగింది.

"చదవ్వే," అంది గొంతక్క.

"'ఆట ఆణిముత్యం. వంతెన మీద గొడుగు రాక్షసుడు నన్ను ఎన్నిసార్లు చంపాడో లెక్క వదిలేశాను, ఆయన మీద నాకు కోపం లేదు. నా కోపమంతా బావిలో ముసలమ్మ మీదే. ఓడినవాణ్ని ఓడినవాడిలా ఏడవనివ్వాలి. అలా నవ్వినావిడకు మనుషులమీద ఏదో పాత కక్ష ఉండాలి. ఆ నవ్వుకుగాను రెండు మార్కులు కోసేస్తున్నాను.'"

గొంతక్క బల్ల దగ్గర్నుంచి లేచి గిన్నెలు కడిగింది. అంతకుముందే కడిగిన గిన్నెలు కూడా మళ్లీ కడిగింది. ఆ రోజునుంచి ఇంట్లో నవ్వు వినబడలేదు. మొగుడు గళ్ల చొక్కా తిరగేసి తొడుక్కుని షాపుకు బయలుదేరినా ఆమె చూసి, "లోపలికెళ్లి మార్చుకోండి" అని ఊరుకుంది. అత్తగారు నాలుగైదు రోజులు ఓర్చుకుని, చివరికి కొడుకును పిలిచి, "నా చెవులు పూర్తిగా పోయాయిరా, డాక్టరు దగ్గరికి తీసుకెళ్లు" అంది.

టోపీ రాసిందే మిగతావాళ్లూ అందుకున్నారు. నవ్వు బాగుందన్నవాళ్లు ఒక జట్టు, బాలేదన్నవాళ్లు ఒక జట్టు. దర్శకుడు ఫోన్ చేశాడు.

"అక్కా, ఎలా చెప్పాలో తెలియట్లేదు. నవ్వు ఆపేసుకోవడానికి ఒక స్విచ్చి పెడుతున్నాం. ఇష్టమున్నవాళ్లు వింటారు, లేనివాళ్లు లేదు."

"నీ ఆట, నీ ఇష్టం బాబూ. నన్నడగడమెందుకు?"

"మీకు కోపం వచ్చిందా?"

"మీ కాల్ మాకెంతో ముఖ్యం," అని పెట్టేసింది.

ఆదివారం మధ్యాహ్నం కూతురి గదిలోకి వెళ్లి, "ఏదీ, అది ఇటివ్వు. అంత కాని నవ్వు ఏం నవ్వానో నేనూ వింటా" అంది. అప్పటిదాకా ఆమె ఆ ఆట ఆడనే లేదు. ఏ బొత్తాం నొక్కితే కత్తి, ఏది నొక్కితే గెంతు అని కూతురు చెబుతుండగానే, వీరుడు గుమ్మం దగ్గర మొదటి కుక్క నోట పడి పోయాడు.

బావిలోంచి నవ్వొచ్చింది.

గొంతక్క ఉలిక్కిపడింది. మళ్లీ వెళ్లింది. ఈసారి కుక్కను తప్పించుకుని గోతిలో పడింది. మళ్లీ అదే నవ్వు, ఇంకాస్త తీరిగ్గా.

"ఎవత్తే ఇది? ఎందుకంత పొగరు?"

"నువ్వేగా అమ్మా!"

"నేనైతే మాత్రం! చచ్చినవాణ్ని చూసి నవ్వడమేంటి, బుద్ధి లేకపోతే సరి," అని చీర కొంగు బొడ్లో దోపి మంచం మీద మఠం వేసుక్కూర్చుంది. ఆ ముసలిదాని నోరు మూయించాలన్న కసితో సాయంత్రందాకా ఆడింది. చచ్చినప్పుడల్లా తన్ను తానే వరస పెట్టి తిట్టుకుంది. గుమ్మం దగ్గరికొచ్చి నిలబడ్డ అత్తగారు నవ్వు విని మొహం చాటంత చేసుకుని, "హమ్మయ్య, డాక్టరొద్దురా" అని కొడుక్కు చెప్పి వచ్చింది.

టోపీని తిట్టుకోవడం ఆ రోజే మానేసింది గొంతక్క. ఆయన రెండు మార్కులే కోశాడు, తనైతే నాలుగు కోసేదాన్నని మొగుడితో ఒప్పుకుంది.

స్విచ్చి వచ్చింది. అందరికన్నా ముందు దాన్ని నొక్కి నవ్వు కట్టేసుకుంది కూడా ఆమే. హాయిగా ఆడదామనుకుంది. వంతెన దాకా వెళ్లి గొడుగు రాక్షసుడి చేతిలో పోయింది. బావి దగ్గర లేచింది. ఎవరూ ఏమీ అనలేదు. గాలి చప్పుడొక్కటే. ఇంకోసారి పోయింది, ఇంకోసారి లేచింది. పలకరించే దిక్కు లేదు. చచ్చిపోవడం అంత నీరసంగా ఉంటుందని ఆమెకు అప్పటిదాకా తెలియదు. రెండు రోజులు అలా ఆడి, మూగ బావిని చూడలేక స్విచ్చి మళ్లీ వేసింది.

ఆ వారమే కంపెనీవాళ్లు ఒక హాలు తీసుకుని ఆటగాళ్లనూ సమీక్షకులనూ పిలిచారు. గొంతక్కను కూడా రమ్మన్నాడు దర్శకుడు. ముందు వరసలో ఆమె పక్క కుర్చీలో టోపీ వచ్చి కూర్చున్నాడు. ఆమె ఎవరో ఆయనకు తెలియదు. ఆయనెవరో టోపీ చెప్పనే చెప్పింది.

"మీరు కూడా ఆడతారాండీ?" అన్నాడాయన మర్యాదగా.

"ఏదో కొద్దిగా. గొడుగు రాక్షసుడి దగ్గర ఆగిపోయాను."

"నేనూ అక్కడే!" అని ఆయన ఆమెవైపు తిరిగి కూర్చున్నాడు. తర్వాత తల పక్కకు వంచి, "మీ గొంతు ఎక్కడో విన్నానండీ" అన్నాడు.

"మీ ఇంట్లో లిఫ్టుందా?"

"ఉంది."

"తలుపులు మూసుకుంటున్నాయి, దయచేసి దూరంగా నిలబడండి."

టోపీ మొహం వెలిగిపోయింది. "మీరేనా! అబ్బ, ఎంత సంస్కారమండీ ఆ గొంతులో. ఆ బావిలో ముసలమ్మను ఓ నెల మీ దగ్గర ఉంచితే మనిషయ్యేది."

గొంతక్క చేతిరుమాలు నోట్లో కుక్కుకుంది. "జలుబాండీ?" అని అడిగాడాయన. ఆమె తలూపింది.

అంతలో ఆయన్ను వేదిక మీదికి పిలిచారు. కొత్త స్విచ్చి వాడి, వంతెన దగ్గర అందరి ముందూ ఆడి చూపించాలి. టోపీ నవ్వు కట్టేసి మొదలుపెట్టాడు. బాగానే ఆడాడు. గొడుగు రాక్షసుణ్ని మూలకు నెట్టాడు, కొట్టాడు, ఇంకా కొట్టాడు. వాడికి ఒక్క దెబ్బ మిగిలింది. హాలంతా ఊపిరి బిగబట్టింది. టోపీ ఉత్సాహంగా జనంవైపు తిరిగి, "చూశారా, ఇదీ పద్ధతి" అన్నాడు. ఆ మాట పూర్తయ్యేలోపు రాక్షసుడు గొడుగు మూసి, కొసతో ఆయన వీరుణ్ని వంతెన మీంచి నెట్టేశాడు.

హాలు నిశ్శబ్దం. టోపీ తెరవైపు, తెర టోపీవైపు చూస్తున్నాయి.

ముందు వరసలో చిన్న కీచు వినబడింది. ఊపిరి లోపలికి లాగిన చప్పుడు. దర్శకుడు "అక్కా, వద్దు" అన్నట్టు చెయ్యి ఎత్తాడు కానీ, ఆమె అప్పటికే మొదటి మెట్టు దాటింది. హాలు హాలంతా అదిరిపోయేలా, కన్నీళ్లు కారేలా, కుర్చీ చేతులు పట్టుకుని నవ్వింది. అందరూ ఒక్క క్షణం బావి వెతుక్కున్నారు. తర్వాత ఎవడో "ముసలమ్మ!" అని అరిచాడు. అంతే, జనం కుర్చీలెక్కారు.

టోపీ మెల్లగా వెనక్కి తిరిగాడు. చాలామంది మొదటిసారి ఆయన బట్టతల చూశారు, ఎందుకంటే ఆయన టోపీ తీసేశాడు.

"లిఫ్టు?" అన్నాడు.

"నేనేనండీ."

"బావి?"

"అదీ నేనేనండీ. మీరు స్విచ్చి కట్టేశారు కదా, మరి తప్పలేదు."

ఆయన మొహం ఎర్రబడింది. మళ్లీ తెరవైపు తిరిగాడు. ఈసారి జనంవైపు చూడలేదు, పద్ధతులు చెప్పలేదు. పళ్లు బిగించి రాక్షసుణ్ని వంతెన చివరిదాకా తరిమి చంపాడు. ఆ తర్వాత వెనక్కి తిరిగి గొంతక్కను ఒక్కత్తినే చూసి, "ఇప్పుడు నవ్వండి" అన్నాడు. ఆమె లేచి నిలబడి చప్పట్లు కొట్టింది.

ఆయన సమీక్ష తిరగరాశాడు. ఆ నవ్వు లేకపోతే ఇంకో నెలదాకా వంతెన దాటేవాణ్ని కాదని ఒప్పుకుని, ఒక మార్కు వెనక్కి ఇచ్చాడు. రెండోది ఇవ్వనన్నాడు. నిండు సభలో పోయిన పరువుకు అది జమ అట. దానిమీద మళ్లీ రెండు జట్లూ కొట్టుకున్నాయి. ఇప్పటికీ స్విచ్చి కట్టేసుకుని ఆడేవాళ్లు బోలెడంతమంది ఉన్నారు. గొంతక్క వాళ్లను ఏమీ అనుకోదు. ఆ నవ్వు ఎలాంటిదో ఆమెకు తెలుసు.

ఇప్పుడు ఆదివారాలు టోపీకీ ఆమెకూ ఫోనులో మాట్లాడుకుంటూనే ఆట. ఆయన దారి చెబుతాడు, ఆమె నడుస్తుంది. మొన్న ఇద్దరూ కోట గోపురం దగ్గర వాదులాడుకున్నారు. ఎడమవైపు వెళ్లమని ఆయన, అక్కడ నేల కదులుతోందని ఆమె.

"నా మాట నమ్మండి, నేను చూసొచ్చిన దారే అది," అన్నాడాయన.

ఆమె ఎడమవైపు అడుగేసింది. నేల జారిపోయింది. వీరుడు గోపురమంతా తగులుకుంటూ కిందికి పోయాడు. ఫోనులో అవతల్నుంచి ఎక్కిళ్లలాంటి చిన్న చప్పుడు వినబడింది. అది టోపీ నవ్వని అర్థమవడానికి ఆమెకు కాస్త టైము పట్టింది.

"కావాలనే చెప్పారన్నమాట! ఫోన్ పెట్టేయకండి, పైకొచ్చాక చెబుతాను మీ సంగతి," అని గొంతక్క గోపురం మళ్లీ ఎక్కడం మొదలుపెట్టింది.