సిరిల్ టెబ్బట్ గోపురం

వెల్డన్‌బీలో తాపీ పట్టినవాళ్లకు కొదవ లేదు. గట్టి పని కావాలంటే మాత్రం సిరిల్ టెబ్బట్ ఇంటికే వెళ్లేవారు. అతను కట్టిన పందుల దొడ్డిని కూల్చబోయి యంత్రం పన్ను విరిగిందని పబ్బులో చెప్పుకుంటారు. అబద్ధమే కావచ్చు, కానీ కాదని ఇంతవరకు ఎవరూ అనలేదు.

1976 వేసవిలో వానలు లేక పచ్చికంతా ఎండుగడ్డైపోయింది. చర్చి గంట గోపురం రాళ్ల మధ్య సున్నం రాలిపోయి, కాకులు దూరేంత సందులు పడ్డాయి. మా ప్రాంతపు గోధుమరంగు రాయి మెత్తనిది. ఆరు వందల ఏళ్లకు పైగా ఆ సున్నమే దాన్ని నిలబెట్టింది. చర్చి దగ్గర డబ్బు లేదు. సిరిల్‌కు దేవుడి మీద పెద్దగా గురి లేదు. అయినా కూలి తీసుకోకుండా చేస్తానన్నాడు.

పగలంతా బయట పని చేసుకుని, సాయంత్రం నిచ్చెనెక్కి పొద్దుపోయేదాకా సందులు పూడ్చేవాడు. ఏటి ఇసుక జల్లించి, సిమెంటు ధారాళంగా కలిపేవాడు. భార్య ఐవీ రొట్టె, జున్ను, చల్లారిన టీ బకెట్‌లో పెట్టి తాడుతో పైకి పంపేది. పని చూసి ఊరంతా మెచ్చుకుంది. తనిఖీకి వచ్చిన పెద్దమనిషి కూడా భేష్ అన్నాడు. ఆ రోజుల్లో సిమెంటంటే అందరికీ అంతే నమ్మకం. ఆ తర్వాత ప్రతి ఆదివారం, లోపల ప్రార్థన జరుగుతుంటే సిరిల్ బయట పైపు కాల్చుకుంటూ, రాళ్ల మధ్య తాను పెట్టిన సిమెంటు గీతలు చూసుకునేవాడు.

ముప్పై ఏళ్లు కాకముందే గోపురం కింద గడ్డిలో రాతి పెచ్చులు కనబడ్డాయి. చర్చి పెద్ద డెనిస్ మాబ్స్ సిరిల్‌కు చిన్ననాటి స్నేహితుడు. అతనే పురాతన కట్టడాలు చూసే ఆర్కిటెక్టు రోజలిండ్ పీక్‌ను పిలిపించాడు. ఆమె పైకెక్కి చూసి దిగేసరికి సిరిల్ కింద నిలబడి ఉన్నాడు.

"టెబ్బట్ గారూ, ఈ పని మీదేనా?"

"ఇంకెవరిది తల్లీ? ఒక్క చోటైనా బీట పడిందా, చెప్పు!"

"పడలేదు. వచ్చిన చిక్కే అది."

"ఒరేయ్, నీ సిమెంటుకేం కాలేదురా," అన్నాడు డెనిస్. "గోపురమే పోతోంది."

ఆమె ఫొటోలు చూపించింది. రాయి వెనక్కి అరిగిపోయింది. దాని చుట్టూ సిమెంటు గీతలు మాత్రం ఖాళీ తేనెపట్టులా నిలబడి ఉన్నాయి. గోడలోకి దిగిన వాన నీరు పాత రోజుల్లో సున్నం గుండా ఆరిపోయేది. సిమెంటు దారి మూసేసింది. నీరు రాయిలోనే ఉండిపోయి, చలికి గడ్డకట్టి, రాతి ముఖాన్ని పగలగొట్టింది.

"మీ ఒక్కరి తప్పు కాదండీ. దేశంలో సగం గోపురాలు ఇలాగే పాడయ్యాయి."

"సగం గోపురాలు నేను చెయ్యలేదు కదమ్మా."

సిమెంటంతా తీసి మళ్లీ సున్నం పెట్టాలి. రక్షిత కట్టడం కాబట్టి పైవాళ్ల అనుమతి లేకుండా మేకు కొట్టడానికి కూడా వీల్లేదు. అనుమతులు, చందాలు వచ్చాక ఊరి హాల్లో సభ పెట్టారు. మూడు వైపులా తీసెయ్యాలని రోజలిండ్ చెప్పింది. ఉత్తరపు గోడ మాత్రం శుభ్రంగా ఉందని, అక్కడ ఎవరో మెత్తని సున్నం వాడారని, దాన్ని అలాగే ఉంచుతామని అంది.

డెనిస్ చప్పట్లు మొదలుపెట్టాడు. "చూశావా, ఒక వైపైనా మిగిల్చావు!"

సిరిల్ లేచాడు. "అదే ముందు తీసెయ్యండి."

డెనిస్ చప్పట్లు ఆపాడు.

"ఆ ఏడు ఉత్తరం వైపుకొచ్చేసరికి వానలు పట్టుకున్నాయి. ఐవీకి ఒంట్లో బాగాలేదు. సిమెంటు అయిపోయింది. దొడ్డి గోడకి పూయగా మిగిలిన సున్నంలో ఇంత ఇసుక కలిపి రుద్దేశా. అటు దురదగొండి పొదలే కదా, ఎవడు చూస్తాడులే అనుకున్నా. మరుసటి ఏడు మళ్లీ చేద్దామనుకున్నా, చెయ్యలేదు. అది దొంగపని."

"ఆ దొంగపనే గోడను కాపాడిందండీ."

"కాపాడితే కాపాడనీ. నా చేతిది నిలబడేది అదొక్కటేనా?"

"బాగున్నదాన్ని ముట్టుకోవడానికి నాకు అనుమతి ఇవ్వరు, టెబ్బట్ గారూ."

వేసవిలో పరంజా కట్టారు. యంత్రం పెడితే రాయి చిట్లుతుందని ఉలితోనే తీశారు. అయినా సిమెంటు రాతి అంచుల్ని కూడా పట్టుకుని ఊడేది. సిరిల్ రోజూ వచ్చి సమాధుల మధ్య బల్ల మీద కూర్చునేవాడు.

"ఇంటికి పోరా. ఎందుకీ నరకం నీకు?" అన్నాడు డెనిస్.

"అంత తేలిగ్గా రాదులే. నేను కలిపిన మాలు అది," అన్నాడు సిరిల్. ఆ మాటలో గర్వం అతని చెవికే తగిలినట్టుంది.

కొత్త సున్నం పెట్టడం మొదలయ్యాక రోజలిండ్ దగ్గరికి వెళ్లి, దక్షిణపు గోడలో ఒక్క సందు తనని పూడ్చనివ్వమని అడిగాడు. సున్నం వాళ్లే కలిపి ఇవ్వచ్చన్నాడు. వయసుకు తోడు అర్హత పత్రం లేదని, బీమా ఒప్పుకోదని ఆమె మర్యాదగా చెప్పింది. అతను కూడా మర్యాదగానే తలూపాడు. మర్నాటి నుంచి రాలేదు. చలికాలంలో న్యుమోనియాతో పోయాడు.

అంత్యక్రియలకు రోజలిండ్ వచ్చింది. ఉత్తరపు గోడ గురించి పాస్టరు నాలుగు మంచి మాటలు చెప్పాడు. సిరిల్ ఉంటే మధ్యలోనే లేచి వెళ్లిపోయేవాడు. బయటికొచ్చాక రోజలిండ్ డెనిస్ పక్కన ఆగింది.

"ఆయన ఆ ఒక్క సందు పూడ్చుకునేదాకా ఓ పది నిమిషాలు నేను అటు తిరిగి నిలబడినా సరిపోయేది. ఏ గోడా కూలేది కాదు."

డెనిస్ టోపీ సర్దుకున్నాడు. "పది నిమిషాలు వాడికేం చాలతాయమ్మా? దక్షిణం గోడ మొత్తం కావాలి వాడికి."