గుట్ట మలుపు హారన్

నిజాం రాజ్యం పోయిన కొత్తలో గోపన్‌పల్లికి వచ్చే బస్సు పటేల్ ఇంటి ముందే ఆగేది. మా వాడ అక్కడికి దూరం. ఆ బస్సు డ్రైవర్ మాత్రం మా కోసం గుట్ట మలుపులోనే పొడుగ్గా హారన్ కొట్టేవాడు. అది విన్నాకే మేం బయలుదేరేవాళ్లం. మేం చేరేదాకా బస్సు కదిలేది కాదు. ఏ సర్కారూ మాకు అంతకన్నా మేలు చేయలేదు.

పటేల్ విసుక్కుంటే, కిటికీ మీది మోచెయ్యి తియ్యకుండానే అనేవాడు: "జర ఆగుండ్రి పటేలా, బస్సు ఆళ్లది గూడ."

తర్వాత ఆ డ్రైవర్‌ను వేరే దారికి మార్చారు. ఆ మాట మా వాడకు ఎవరూ చెప్పలేదు. నొప్పులు పడుతున్న అక్కను దవాఖానకు తీసుకుపోవాలని మంచం మీద పడుకోబెట్టి, మావాళ్లు హారన్ కోసం చెవులు రిక్కించి నిలబడ్డారు. అది మోగలేదు. దూరాన దుమ్ము చూసి మంచం ఎత్తుకుని పరుగెత్తేసరికి బస్సు వెళ్లిపోయింది. అక్క ఆ సాయంత్రం దాటలేదు.

చాన్నాళ్లకు ఆయన మమ్మల్ని చూడాలని మా వాడకు నడిచి వచ్చాడు. అక్క సంగతి ఆయనకు తెలియదు. గడపలో నిలబడే అడిగాడు: "కొత్తాయన హారన్ కొడ్తుండా, అమ్మా?"

అమ్మ జొన్నలు చెరుగుతున్న చేట ఆపి, తలెత్తకుండా అంది:

"కొడ్తుండు సాబ్. నువ్వు ఫికర్ జెయ్యకు."