సిలార్ మిషన్ జానెడే వింటుంది

సిలార్ మా ఊళ్లో బోరు మోటార్లకు వైండింగ్ చేస్తాడు. చిలకలూరిపేట నుంచి పర్చూరు పోయే దారిలో మా ఊరి దగ్గర బస్సు దిగగానే కనిపించే రేకుల షెడ్డు అతనిదే. యాభై ఏళ్లుంటాయి. చేతులు ఎప్పుడూ వార్నిష్ వాసన కొడుతుంటాయి. తెలియనిదాన్ని తెలియదని చెప్పే మనిషి ఈ ఊళ్లో అతనొక్కడే. అందుకే అతన్ని ఎవరూ తెలివైనవాడనుకోరు.

ఆరేళ్ల కిందట అతనొక మెటల్ డిటెక్టర్ కొన్నాడు. మిరపకోతల్లో ఆడవాళ్ల కమ్మలు, ముక్కుపుడకలు ఊడిపోతుంటాయి. కల్లంలో ఎండబోసిన కాయల మధ్య మినపగింజంత బంగారాన్ని కళ్లతో వెతకడం అయ్యే పని కాదు. సిలార్ ఆ మిషన్ని చీపురులా అటూ ఇటూ ఊపేవాడు. అది కూసినచోట చెయ్యి పెట్టేవాడు. దొరికితే టీ తాగేవాడు, దొరక్కపోతే తాగకుండా వెళ్లిపోయేవాడు.

నిధుల కోసం వచ్చేవాళ్లు కూడా ఉండేవాళ్లు.

"ఎంత లోతుది పడుతుంది సిలారూ?"

"రూపాయి బిళ్లయితే జానెడండి. నేల బాగుంటే ఇంకో నాలుగు వేళ్లు. బిళ్ల నిలువునా పడుంటే అదీ చెప్పలేను."

వచ్చినవాళ్లు మొహం మాడ్చుకుని పోయేవాళ్లు. ఫోన్ వీడియోల్లో మిషన్‌కు ముప్పై అడుగుల లోతుది పడుతుందని చెప్పేవాడు నల్ల కళ్లద్దాలు పెట్టుకుని, వెనక సంగీతం వేసుకుని మరీ చెబుతాడు. జానెడని చెప్పేవాణ్ని ఎవరు నమ్ముతారు?

మా ఊరి రైతు అంకమ్మరావుకు నిరుడు దుక్కిలో ఒక చిల్లు కానీ దొరికింది. ఎందుకూ కొరగానివాణ్ని మా ఊళ్లో పిలిచేది ఆ నాణెం పేరుతోనే. ఆయన మాత్రం దానికి పసుపు రాసి దేవుడి గూట్లో పెట్టాడు. ఒకటి పైకి వచ్చిందంటే కింద బిందె ఉందని తేల్చుకున్నాడు. కలలు కూడా వచ్చాయట. మార్చిలో, రెండో కోతకు మిరపకాయ ఎర్రబడి చెట్లు వంగిపోయి ఉన్న రోజుల్లో, సిలార్ని చేలోకి లాక్కుపోయాడు. నేనూ వెళ్లాను. ఊళ్లో పుస్తకాలు చదివేవాడికి వేరే పనేముంటుంది?

సిలార్ ముందే చెప్పాడు. చెప్పడమే కాదు, చేసి చూపించాడు. గట్టు మీద నాలుగు వేళ్ల లోతున ఐదు రూపాయల బిళ్ల పాతిపెట్టాడు. మిషన్ గట్టిగా కూసింది. జానెడు లోతున పెడితే మూలిగింది. మూరెడు లోతున పెట్టి ఎంత ఊపినా కిమ్మనలేదు.

"చూశారుగా అంకమ్మరావుగారూ. అంత లోతున బిళ్ల ఉన్నా లేనట్టే దీనికి. ఇత్తడి బిందె లాంటి పెద్ద సరుకైతే మూడడుగుల దాకా వినొచ్చేమో."

"సరే, చేలో పెట్టు."

చేలో పెట్టగానే అది కూసింది. అడుగు జరిపితే మళ్లీ కూసింది. చాళ్ల మధ్యా, మొక్కల మొదళ్లలోనూ ఆగకుండా కూస్తూనే ఉంది. అంకమ్మరావు కళ్లలో నీళ్లు తిరిగాయి.

"ఒక్క బిళ్లయితే వినపడదన్నావు కదరా! ఇంత అరుస్తుందంటే కింద ఎన్ని బిందెలుండాలి?"

నిజం చెబితే ఇలాగే అవుతుంది. దాన్ని కూడా వాళ్లు తమ పిచ్చికే వాడుకుంటారు.

సిలార్ కూర్చుని వేళ్లతో మట్టి గోకాడు. రెండంగుళాల లోతులో మెరుస్తున్న రేకు ముక్క బయటపడింది. పురుగుమందు పాకెట్టుది. నల్ల తామర పురుగు పట్టిన ఏడాది మావాళ్లు రోజు మార్చి రోజు మందు కొట్టారు. పాకెట్టు పళ్లతో చింపడం, మందు డ్రమ్ములో పోయడం, తగరపు కాగితం అక్కడే పారెయ్యడం. మరుసటేడు రోటవేటర్ వాటిని తురిమి నేలంతా కలిపింది.

"ఇదండీ మీ నిధి. చేనంతా ఇదే."

"అది పైది. దాని కింద ఏముందో నీకేం తెలుసు?"

"తెలీదండి."

ఆ ఒక్క మాట చాలు అంకమ్మరావుకు. భార్య పాత చీర చింపి, మిషన్ కూసిన ప్రతిచోటా మొక్కకు పీలిక కట్టాడు. అరెకరంలో పీలిక లేని మొక్కను వెతుక్కోవాలి. రేపే మొక్కలన్నీ పీకి తవ్వుతానన్నాడు.

అప్పుడే ఆయన భార్య వెంకటరావమ్మ కోతమనుషుల్ని మాట్లాడి వచ్చింది. తన చీర చేనంతా రెపరెపలాడుతుంటే చూసి అడిగింది.

"ఏంటయ్యా ఇది? చేనుకి పెళ్లా?"

"నువ్వు నోరుమూసుకో. మన దశ తిరుగుతోంది."

"తిరిగేది నీ బుర్ర! కాయ మీదున్న చేనయ్యా! కోసి ఎండబోస్తే ఈ ఏడు గట్టెక్కుతాం. పీకావంటే నేను కల్లంలో కూర్చుని ఏం తినాలి, నీ కలలా?"

ఆయన వినలేదు. ఆమె మోటారు దగ్గర సిలార్ని పట్టుకుంది.

"అన్నా, ఒక్క అబద్ధం చెప్పు."

"నాకు రాదు చెల్లెమ్మా."

"నిజం చెప్పావుగా పొద్దుట్నించీ? ఏం మిగిలింది?"

సిలార్ మిషన్ తీగ చుట్టేశాడు. తర్వాత అంకమ్మరావు దగ్గరికి నడిచాడు.

"ఎర్రకాయ మీదుండగా తవ్వితే లోపలిది జారిపోతుందంటండి. కోతయ్యాక, ఉగాది దాటాక తవ్వాలంట."

ఎవరన్నారు, ఎందుకు జారుతుంది అని అంకమ్మరావు అడగలేదు. మూరెడు లోతు పరీక్షను ఒప్పుకోని మనిషి దీనికి వెంటనే తలూపాడు. "అదీ, ఇప్పుడు చెప్పావు తెలిసినవాడిలా!" అని భుజం తట్టాడు.

కోత జరిగింది. కాయ ఎండింది. కాయ తొక్కిన బస్తాలు, అదే టిక్కీలు, గుంటూరు మిర్చి యార్డుకు వెళ్లిపోయాయి. ఉగాది మర్నాడు అంకమ్మరావు గునపం పట్టాడు. వారం రోజులు తవ్వితే ఒక గోతం నిండా తగరపు ముక్కలు దొరికాయి.

"జారిపోయింది" అన్నాడు మొదట. రెండు రోజులు ఆలోచించి "సిలారే జార్చేశాడు" అన్నాడు.

పాలకేంద్రం అరుగు మీద పెద్దలు కూర్చుని సిలార్ని పిలిపించారు. రిటైరైన లెక్కల మేష్టారు రాధాకృష్ణమూర్తిగారు అడిగారు.

"ఏమీ లేకపోతే ఉగాది దాకా ఆగమని ఎందుకన్నావయ్యా?"

"పంట పోతుందనండి."

"పంట ఆయనది. నీకెందుకు బాధ?"

మా ఊళ్లో ఒకడి పంట గురించి ఇంకొకడు బాధపడ్డాడంటే దాని వెనక లాభం ఉండి తీరాలి.

వెంకటరావమ్మ ఆడవాళ్లలోంచి ముందుకొచ్చింది. "నేనే చెప్పించానండీ. ఆ అబద్ధం నాది. ఏం చేస్తారో నన్ను చెయ్యండి."

వెనకనుంచి ఎవరో అన్నారు: "అయితే ఇద్దరికీ చెరిసగమన్నమాట!"

ఆ రోజునుంచి అతను సిలార్‌గారయ్యాడు. హోటల్లో టీ ముందు అతనికే ఇస్తున్నారు. షెడ్డు రేకులకు ఇంకా చిల్లులున్నాయంటే, "చూశావా ఎంత గుట్టు మనిషో, రేకు కూడా మార్చలేదు" అంటున్నారు. మోటారు బాగుచెయ్యమంటే మాత్రం, "నీకిప్పుడు ఈ పనెందుకులే" అని చిలకలూరిపేట తీసుకెళుతున్నారు.

అంకమ్మరావు భార్య మీద అరవడం మానేశాడు. అన్నం తింటూ ఒకరోజు మెల్లగా అడిగాడు.

"వెంకటరావమ్మా, ఎక్కడ పెట్టావే?"

ఆమె పచ్చడి వడ్డించి, నెయ్యి గిన్నె జరిపింది.

"ముందు ఆ గుంటలు పూడ్చు. తొలకరి వస్తోంది. తర్వాత చెబుతా."

నాలుగు రోజుల్లో అరెకరం చదునైంది. ఆమె ఇంకా చెప్పలేదు. ఇప్పుడు గట్టు మీద తుమ్మచెట్లు ఆయన చేతే కొట్టిస్తోంది.