బరువు లేని బండ మీద అల్లాబక్ష్

అల్లాబక్ష్‌కు గుసగుసలాడడం రాదు. చిత్తూరు పక్కన గ్రానైట్ క్వారీలో ముప్పై ఒక్కేళ్లు జాక్‌హామర్ పట్టినవాడు. రెండు చెవులూ కలిపి ఒక చెవి పాటి పనిచేస్తాయి. ఆయన రహస్యం చెబితే పక్కవీధి కుక్క కూడా తలెత్తి చూస్తుంది. అందుకే భార్య ఫక్రున్నీసా ముఖ్యమైన సంగతులేవీ ఆయనకు చెప్పదు.

తిరుపతిలో ఇంజనీరింగ్ పాఠాలు చెప్పే ఐశ్వర్య ఒకరోజు ఆ క్వారీకి వచ్చింది. ఆమె విద్యార్థులు ఒక పోటీ కోసం గ్రహశకలాలను తవ్వే యంత్రం తయారుచేస్తున్నారు. పరీక్షించుకోవడానికి గట్టి రాయి కావాలి.

"గ్రహశకలమంటే ఏందమ్మా?" అన్నాడు అల్లాబక్ష్.

"సూర్యుడి చుట్టూ తిరిగే బండలన్నా. కొన్నింట్లో ప్లాటినం, నికెలు, నీళ్లు కూడా ఉంటాయంటారు. ఆడికి పోయి తవ్వుకోవాల."

"బండలకు ఈడేం కరువమ్మా? వీటికే పర్మిట్టు కోసం చెప్పులరిగిపోతా ఉండాయి. పైన ఎవురిస్తారు?"

"దాని మీద దేశాలు ఇంకా కొట్లాడుకుంటానే ఉండాయన్నా," అని ఐశ్వర్య నవ్వేసింది. రాయి తీసుకుని, కాలేజీలో యంత్రం ప్రదర్శనకు ఆలుమగలిద్దరినీ పిలిచింది.

ఆ రోజు బెంగుళూరు నుంచి ఒక కంపెనీ పెద్దమనిషి కోటు వేసుకుని వచ్చాడు. తెర మీద ఉర్లగడ్డలా, అదే బంగాళాదుంపలా ఉన్న బండను చూపించి, ఇలాంటిదొక్కటి చిక్కితే ప్లాటినం టన్నుల లెక్కన దించవచ్చన్నాడు.

అల్లాబక్ష్ భార్య చెవిలో గుసగుసగా అన్నాడు: "అంత సరుకు ఒకేసారి దిగితే ఎవుడు కొంటాడే? మదనపల్లి టమోటా మాదిరి రోడ్డున పారబోసి పోవాల్సిందే."

హాలంతా విన్నది. హాలంతా నవ్వింది. ఫక్రున్నీసా కొంగు ముఖానికి అడ్డం పెట్టుకుంది. పెద్దమనిషి రెండు గుక్కలు నీళ్లు తాగి, "దానికింకా చాలా టైముంది లెండి, పోయి రావడానికే ఏళ్లు పడుతుంది," అని మిగిలిన ఉపన్యాసం మింగేశాడు.

తర్వాత యంత్రం వంతు. వేదిక మీద ఇనుప చట్రానికి ఒక గొలుసుతో రాయిని, ఇంకో గొలుసుతో యంత్రాన్ని వేలాడదీశారు. బరువు లేని చోట ఎలా ఉంటుందో చూపించాలని ఆ ఏర్పాటు. స్విచ్ వేశారు. రాయిని తొలిచే మొన, అదే బిట్టు, రాయికి తగిలీ తగలగానే యంత్రం వెనక్కి తన్నుకుని, గిర్రున తిరిగి, ప్రిన్సిపాల్ ముందున్న పూలకుండీని కింద పడేసింది. రాయికి గీత కూడా పడలేదు.

ఐశ్వర్య ముఖం చూడలేక అల్లాబక్ష్ లేచాడు. "మిషను మంచిదేనమ్మా. దానికి పొట్ట లేదు, అంతే."

"పొట్టా?"

"క్వారీలో రాయిని తొలిచేది జాక్‌హామర్ ఒక్కటే అనుకుంటివా? దాని మీద వాలిన నా పొట్ట కూడా. బరువేస్తేనే బిట్టు దిగతాది. ఆడ బరువే లేదంటిరే, ఏమేస్తారు?"

"మరేం చెయ్యాలన్నా?"

"కావిలించుకోవాల."

చెప్పులు విడిచి, పండక్కి కుట్టించుకున్న ప్యాంటు మడిచి, రాయి మీదికెక్కి రెండు కాళ్లతో దాన్ని వాటేసుకున్నాడు. ఎక్కిన ఊపుకు రాయీ ఆయనా కలిసి తిరగసాగారు. చిన్న డ్రిల్లు అందించారు. జనం వైపు తిరిగినప్పుడల్లా ఒక ముక్క చెప్పాడు. "కాళ్లతో లాగాల..." అని వీపు చూపించి, మళ్లీ వచ్చి, "చేతుల్తో నొక్కాల..." అన్నాడు. మూడో చుట్టులో మాత్రం, "నిలపండప్పా, తల తిరగతా ఉండాది!" అని అరిచాడు.

దించి చూస్తే నాలుగు వేళ్ల లోతు బెజ్జం.

పెద్దమనిషి తన చేతిరుమాలు ఇచ్చి, "మాకు సలహాదారుగా వస్తారా?" అనడిగాడు.

ముఖం మీది తెల్లటి పొడి తుడుచుకుంటూ అల్లాబక్ష్, "ఆడ తవ్వేది మనుషులా, మిషన్లా?" అన్నాడు.

"మిషన్లే. అక్కడ గాలి కూడా ఉండదు."

"నా జతగాడు చెంగయ్య ఇరవై ఏండ్లు నా పక్కనే తొలిచినాడు సామీ. ఈ దుమ్మే రొమ్ములో చేరి నలభై ఆరేండ్లకే పోయినాడు. దుమ్ము ఎవురూ మింగని క్వారీ ఉంటే తవ్వండి. ప్లాటినం రాకపోయినా పోనీ."

పెద్దమనిషి కోటు గుండీ తీసి మళ్లీ పెట్టుకున్నాడు.

ఆ తర్వాత యంత్రానికి రాయిని వాటేసుకునే నాలుగు ఇనుప కాళ్లు, వాటికి కొక్కేలు వచ్చాయి. పోటీలో రెండో బహుమతి దక్కింది. కొన్ని గ్రహశకలాలు ఉత్త కంకరకుప్పలట, వాటిని కొక్కేలు పట్టవని జడ్జీలు తప్పుపట్టారు. నిజమేనని అల్లాబక్ష్ ఒప్పుకుని, ఇప్పుడు ప్రతి మంగళవారం కంకర సంచితో తిరుపతి బస్సెక్కుతున్నాడు. కంకరను పట్టే ఉపాయం ఇంకా చేతికి చిక్కలేదు.

పోయిన వారం పోటీవాళ్ల నుంచి ఆయన పేరిట సర్టిఫికెట్టు వచ్చింది. అందులో ఎవరో 'డాక్టర్ అల్లాబక్ష్' అని అచ్చేశారు. ఫక్రున్నీసా దాన్ని రెండుసార్లు చదివి, "అట్లయితే నా మోకాలికేమన్నా మందు రాసియ్యి," అంది.

"మోకాలికి పుత్తూరు పోయి కట్టు కట్టించుకో," అన్నాడు అల్లాబక్ష్ వీధంతా వినేలా. "నేను బండల డాక్టర్ని."